కారులో పాట: యూఎస్‌బీ, ఆక్స్, బ్లూటూత్, ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌లలో ఏది ఎవరికి?

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే తబలా మీద వేలు పడిన చప్పుడు కూడా విడిగా తెలిసే పాట, కారులో పెట్టేసరికి డొల్లగా మోగుతుంది. బేస్ బుడబుడమంటుంది, గొంతు వెనక్కి పోతుంది, సౌండ్ పెంచితే చెవులు గీసుకుపోతాయి. వెంటనే స్పీకర్లు మార్చేద్దామనిపిస్తుంది. కోఠిలో అడిగినా, విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా కౌంటర్ మీద వినిపించే మాట కూడా అదే: "కంపెనీ స్పీకర్లు దండగ సార్, తీసేయండి." స్పీకర్ల సంగతి చివర్లో చూద్దాం. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా ఫోన్‌లోంచో ప్లేయర్‌లోంచో పాట స్టీరియోలోకి వెళ్లే దారిలోనే ఉంటుంది. దాన్ని సరిచేయడానికి కొన్ని వందల రూపాయలు సరిపోతాయి, ఒక్కోసారి అవీ అక్కర్లేదు.

ఏ దారి మంచిదో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఫైల్‌లోని అంకెల్ని శబ్దంగా మార్చే చిప్ (దీన్నే డ్యాక్ అంటారు) ఫోన్‌లోది పని చేస్తోందా, కారులోదా? దారి మధ్యలో పాటను మళ్లీ కుదిస్తున్నారా (అంటే సైజు తగ్గించడానికి కొంత శబ్దాన్ని వదిలేస్తున్నారా)? కారు కరెంటులోని రొద పాటలోకి ఎక్కే సందు ఎక్కడైనా ఉందా? కింద చెప్పేదంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

కారులో ఏముందో ముందు చూసుకోండి

డ్యాష్‌బోర్డ్ మీద యూఎస్‌బీ పోర్టు కనిపించగానే పనైపోయిందనుకోవద్దు. చాలా కార్లలో రెండు పోర్టులుంటే ఒకటి ఛార్జింగ్‌కి మాత్రమే. దాని మీద మెరుపు గుర్తు గానీ బ్యాటరీ గుర్తు గానీ ఉంటుంది. పాట వెళ్లేది రెండో దాంట్లోంచి. బ్లూటూత్ కూడా అంతే. కొన్ని పాత కార్లలో ఉన్నది కాల్స్ మాట్లాడుకునే బ్లూటూత్ మాత్రమే, అందులో పాటలు రావు. ఎలాగోలా కాల్ దారిలో పాట తోసినా టెలిఫోన్‌లో వినిపించినట్టే ఒంటి గొంతుతో, పైనా కిందా కోసేసి వినిపిస్తుంది. ఆక్స్ సాకెట్ (హెడ్‌ఫోన్ పిన్ లాంటి గుండ్రటి పిన్ పట్టేది) స్టీరియో ముఖం మీద లేకపోతే గేర్ దగ్గర, హ్యాండ్‌రెస్ట్ డబ్బాలో, గ్లవ్ బాక్స్‌లో వెతకండి. సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నవాళ్లకు ఏళ్ల తరబడి అది ఉందని తెలియకపోవడం మామూలే.

యూఎస్‌బీ కేబుల్: ఉన్నవాళ్లు ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు

ఆండ్రాయిడ్ ఆటో గానీ కార్‌ప్లే గానీ (ఫోన్‌లోని పాటలు, మ్యాప్‌లు కారు తెర మీదికి తెచ్చే ఏర్పాట్లు) ఉన్న కారైతే నా సలహా సూటిగా ఒకటే, కేబుల్ పెట్టండి. పాట డిజిటల్‌గానే కారులోకి వెళ్తుంది. శబ్దంగా మార్చే పని కారు స్టీరియోనే చూసుకుంటుంది. బ్లూటూత్‌లో జరిగే మళ్లీ కుదింపు ఇక్కడ లేదు. ఇంజిన్ కూత పాటలో కలిసే అవకాశం కూడా దాదాపు లేదు, ఎందుకంటే తీగలో పోయేది అంకెలే. పైగా ఫోన్ ఛార్జ్ అవుతూ ఉంటుంది. పాట మార్చడానికి స్టీరింగ్ మీది బటన్లు పని చేస్తాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది కాబట్టి ఇది చిన్న లాభమేమీ కాదు.

వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో, వైర్‌లెస్ కార్‌ప్లే కూడా దీని దగ్గరి చుట్టాలే. పరిచయానికి బ్లూటూత్ వాడుకున్నా పాట మాత్రం వైఫై మీద వెళ్తుంది. అందుకని మామూలు బ్లూటూత్ కంటే ఇది మెరుగు. ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ తొందరగా దిగిపోవడం దీని ఖర్చు.

కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ పెట్టి "కారు ఫోన్‌ను పట్టుకోవట్లేదు" అని సర్వీస్ సెంటర్‌కు తిరిగేవాళ్లు ఎందరో. డేటా కూడా వెళ్లే కేబుల్ కావాలి, అదీ పొట్టిది.

పెన్ డ్రైవ్‌ని తీసిపారేయకండి

పెద్ద టచ్ స్క్రీన్ లేని కారుకు, మామూలు యూఎస్‌బీ ఉన్న స్టీరియోకు పెన్ డ్రైవ్‌ని మించిన దారి నాకు కనిపించలేదు. సిగ్నల్ పోతుందన్న బెంగ లేదు, ఫోన్ కాల్ వచ్చినా పాటల వరుస చెదరదు, నాణ్యత కూడా కేబుల్‌కి సమానం. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 వేల బిట్లు) ఎంపీ3 పాట అయిదు నిమిషాలకు సుమారు 12 ఎంబీ. ఆ లెక్కన 32 జీబీ డ్రైవ్‌లో రెండున్నర వేల పాటలు పడతాయి. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు దారిలోనో నెట్ పోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

చికాకులు కొన్ని ఉన్నాయి. చాలా కారు స్టీరియోలు ఫ్యాట్32 ఫార్మాట్‌నే చదువుతాయి. 64 జీబీ, ఆపైన వచ్చే డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్‌లో వస్తాయి, కారు వాటిని గుర్తుపట్టకపోవచ్చు. అందుకే 32 జీబీ దగ్గర ఆగితే తలనొప్పి లేదు. ఫ్లాక్ ఫైళ్లు (శబ్దం పోకుండా కుదించినవి) కొన్ని స్టీరియోల్లో ఆడతాయి, కొన్నింట్లో ఆడవు. మాన్యువల్‌లో చూడండి, లేదా ఒక ఫైల్ వేసి చూడండి. పాటల పేర్లు తెలుగు లిపిలో పెట్టుకుంటే చాలా స్టీరియోల తెర మీద గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. మనసుకు కష్టమే అయినా ఫైల్ పేర్లు, లోపలి ట్యాగులు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవడమే దారి. కొన్ని చవక స్టీరియోలు అక్షర క్రమం పట్టించుకోకుండా, మీరు కాపీ చేసిన వరుసలోనే పాడతాయి. అలాంటి దానికి ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి కాకుండా వరుసగా కాపీ చేయాలి.

అసలు సంగతి ఫైళ్లలో ఉంది. ఎక్కడెక్కడి సైట్ల నుంచో దింపిన తెలుగు పాటల్లో "320" అని రాసి ఉన్నవన్నీ నిజంగా 320 కావు. 128లో ఉన్న ఫైల్‌ని పట్టుకొచ్చి మళ్లీ 320గా మార్చి పెడతారు. సైజు పెరుగుతుంది, పోయిన శబ్దం తిరిగి రాదు. కంప్యూటర్‌లో స్పెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే గుట్టు బయటపడుతుంది. అది గీసే శబ్దాల బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసి కోసినట్టు ఆగిపోతే అది ఒకప్పుడు 128 ఫైల్ అయి ఉండవచ్చు. అసలు 320లో 20 దాకా కనిపిస్తుంది. ఇలాంటి ఫైళ్లు పెట్టుకుని ఏ దారిలో పంపినా, ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా తాళాల చప్పుడు నీళ్లలోంచి వస్తున్నట్టే ఉంటుంది.

ఆక్స్: మంచి చెడ్డలు రెండూ ఇందులోనే ఎక్కువ

ఆక్స్‌ని పాతకాలం సరుకు అని పక్కన పెట్టేస్తున్నారు గానీ, మంచి ప్లేయర్ ఉన్నవాళ్లకు ఇది ఇప్పటికీ గట్టి దారే. ఇక్కడ డ్యాక్ పని చేసేది మీ ప్లేయర్‌లో. కారు స్టీరియో కేవలం దాన్ని పెద్దది చేసి వినిపిస్తుంది. అంటే ప్లేయర్ మంచిదైతే పాట మంచిది, ఫోన్ నాసిరకమైతే పాట నాసిరకం. కుదింపు ఏమీ లేదు. కానీ తీగలో పోయేది అంకెలు కాదు, సన్నటి కరెంటు తరంగం. దానికి తగులుకునే జబ్బులు మూడు.

మొదటిది కూత. పాట ఆగినప్పుడు సన్నగా ఈల వినిపిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఈల స్థాయి పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. అది ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారు చేసేది) గోల. పరీక్ష తేలిక. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ఫోన్ ఛార్జర్ పీకేయండి. కూత మాయమైతే జబ్బు గ్రౌండ్ లూప్. ఫోన్ గ్రౌండ్ (కరెంటు తిరిగిపోయే దారి) ఛార్జర్ ద్వారా ఒక దారిలో, ఆక్స్ తీగ ద్వారా ఇంకో దారిలో, రెండు చోట్ల కారుకు తగులుతోంది. ఆ రెండు చోట్ల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజీ తేడా పాట తీగలోకి దిగి ఈల వేస్తుంది. మందు మూడు రకాలు. వినేటప్పుడు ఛార్జింగ్ పెట్టకుండా ఉండటం మొదటిది. ఛార్జింగ్ తప్పదంటే కారుకు తగిలించని పవర్ బ్యాంకుతో చేసుకోవడం రెండోది. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బాను ఆక్స్ తీగ మధ్యలో పెట్టడం మూడోది. దాని లోపల ఉండేది బుల్లి ట్రాన్స్‌ఫార్మర్. కూతను కోసేస్తుంది గానీ, మరీ చవకదైతే దానితో పాటు డప్పు మోతలోని కింది భాగాన్ని కూడా తినేస్తుంది. అందుకే నా లెక్కలో అది మూడో మందు.

రెండోది విచిత్రంగా ఉంటుంది. పాట వస్తుంది, సంగీతం వస్తుంది, కోరస్ వస్తుంది, గాయకుడి గొంతు మాత్రం రాదు! ఎవరో గొంతు తీసేసి కరోకే చేసినట్టు దూరంగా ప్రతిధ్వని వినిపిస్తుంది. పాట మార్చి ఘంటసాల కాలం నాటి మోనో రికార్డింగ్ పెడితే అసలు ఏమీ వినిపించదు. చాలామంది స్టీరియో పోయిందని విప్పించేస్తారు. నిజానికి పోయింది ఆక్స్ పిన్‌లో గ్రౌండ్ కాంటాక్ట్. గ్రౌండ్ తెగినప్పుడు స్పీకర్లకు అందేది ఎడమ, కుడి చానెళ్ల మధ్య తేడా మాత్రమే. గొంతును రికార్డింగ్‌లో రెండు చానెళ్లలోనూ సమానంగా పెడతారు కాబట్టి తేడా తీస్తే అది సున్నా అవుతుంది. మోనో పాటలో రెండు చానెళ్లూ ఒకటే, కనుక మొత్తం పాటే సున్నా. పిన్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి, ఫోన్ కవర్ మందంగా ఉండి అడ్డుపడుతోందేమో తీసి చూడండి, అప్పటికీ రాకపోతే వేరే కేబుల్ పెట్టి చూడండి. స్టీరియో విప్పించే అవసరం చాలా అరుదుగా వస్తుంది.

మూడోది సౌండ్ ఎక్కడ పెంచాలన్నది. ఫోన్‌లో సగానికి పెట్టి, కారులో పెంచుకుంటూ పోతే పాటతో పాటు బుస్సుమనే శబ్దం కూడా పెరుగుతుంది. ఫోన్‌లో పూర్తిగా పెంచేస్తే కొన్ని ఫోన్లలో, ప్లేయర్లలో శబ్దం పైకొనలు తెగి గరగరలాడుతుంది. పద్ధతి ఏమిటంటే, కారు వాల్యూమ్‌ను మీరు మామూలుగా రేడియో వినే అంకె దగ్గర పెట్టండి. బాగా గట్టిగా రికార్డయిన కొత్త పాట ఒకటి ఫోన్‌లో వేసి, మెల్లగా పెంచండి. గరగర మొదలైన చోటి నుంచి రెండు మెట్లు దిగండి. చాలా ఫోన్లకు ఇది 80, 90 శాతం మధ్య ఆగుతుంది. అక్కడి నుంచి ఫోన్‌ను ముట్టుకోకుండా పెంచడం తగ్గించడం కారులోనే చేసుకోండి. రేడియో నుంచి ఆక్స్‌కి మారినప్పుడు సౌండ్ ఒక్కసారిగా చెవుల్లో పడకుండా ఉండటం దీని అదనపు లాభం.

విడిగా మ్యూజిక్ ప్లేయర్ ఉన్నవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. దానిలో లైన్ అవుట్ ఉంటే హెడ్‌ఫోన్ సాకెట్ బదులు అదే వాడండి. లైన్ అవుట్ ఒక స్థిరమైన స్థాయిలో, ప్లేయర్‌లోని హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్‌ను దాటేసి బయటకు వస్తుంది. వెడల్పాటి 30 పిన్నుల సాకెట్ ఉన్న పాత ఐపాడ్‌లలో కూడా ఆ కింది సాకెట్ నుంచి లైన్ అవుట్ తీసుకునే తీగలు దొరికేవి. అలాంటి ఐపాడ్ ఇంట్లో మూలన పడి ఉంటే, బ్యాటరీ బతికే ఉంటే, కారుకు అది చక్కటి ప్లేయర్. ఆపిల్ 2022లో ఐపాడ్‌ల తయారీ ఆపేసింది కాబట్టి కొత్తది కొందామంటే దొరకదు.

ఇప్పటి ఫోన్లలో గుండ్రటి సాకెట్ ఉండటం తగ్గిపోయింది. డాంగిల్ (ఫోన్ ఛార్జింగ్ సాకెట్‌కు తగిలించి గుండ్రటి పిన్ పెట్టుకునే ముక్క) కొనాల్సి వస్తే లోపల డ్యాక్ ఉన్నదే కొనండి. చవకగా అమ్మే కొన్ని డాంగిల్స్‌లో వట్టి తీగలే ఉంటాయి. అవి కొన్ని ఫోన్లకే పని చేస్తాయి, మిగతా వాటికి తగిలిస్తే నిశ్శబ్దం.

బ్లూటూత్: సుఖం ఎక్కువ, నష్టం మనం అనుకున్నంత కాదు

బ్లూటూత్‌ని తిట్టడం ఒక ఫ్యాషన్. కారణం లేకపోలేదు. ఎంపీ3 అంటేనే ఒకసారి కుదించిన పాట. బ్లూటూత్ దాన్ని విప్పి, మళ్లీ తన పద్ధతిలో కుదించి పంపుతుంది. జిరాక్స్ కాగితాన్ని మళ్లీ జిరాక్స్ తీసినట్టన్నమాట. అయితే ఆ రెండో జిరాక్స్ ఎంత బాగా తీస్తున్నారన్నదే లెక్క. ఎస్‌బీసీ అనే కోడెక్ (పాటను కుదించి, విప్పే పద్ధతి) పాటలు పంపే బ్లూటూత్ పరికరాలన్నింటిలోనూ తప్పనిసరిగా ఉంటుంది. మంచి సెట్టింగులో అది 328 కేబీపీఎస్ దాకా వెళ్తుంది. ఏఏసీ ఐఫోన్లలో బాగా పని చేస్తుంది, ఆండ్రాయిడ్‌లో ఫోన్‌ని బట్టి మారుతుంది. ఆప్టెక్స్ 352 దగ్గర నడుస్తుంది. ఎల్‌డ్యాక్ 330, 660, 990 అనే మూడు మెట్లలో పోతుంది, ఆండ్రాయిడ్‌లోకి 2017లో ఎనిమిదో వెర్షన్‌తో వచ్చింది. ఐఫోన్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప మిగతావి లేవు.

ఇక్కడ జనం పడే భ్రమ ఒకటుంది. ఫోన్ పెట్టె మీద ఎల్‌డ్యాక్ అని రాసి ఉంది కాబట్టి కారులో కూడా అదే నడుస్తోందనుకుంటారు. కోడెక్ రెండు వైపులా ఉండాలి. కంపెనీ అమర్చిన స్టీరియోల్లో ఎల్‌డ్యాక్ కనిపించడం అరుదు. కారులో లేకపోతే ఫోన్ మారు మాట్లాడకుండా ఎస్‌బీసీకో ఏఏసీకో దిగిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, కారుకు కనెక్ట్ అయి ఉండగా బ్లూటూత్ ఆడియో కోడెక్ అన్న చోట చూస్తే ఏది నడుస్తోందో తెలిసిపోతుంది. అక్కడ ఎస్‌బీసీ కనిపించిందని కంగారు పడక్కర్లేదు. 80, 90 స్పీడులో వెళ్తున్న హ్యాచ్‌బ్యాక్ లోపల టైర్లు, గాలి, ఇంజిన్ అన్నీ కలిసి సుమారు 70 డెసిబెల్స్ రొద చేస్తాయి. ఆ రొదలో మంచి ఎస్‌బీసీకీ కేబుల్‌కీ తేడా చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఇంజిన్ ఆపి, అద్దాలు ఎత్తి, చెట్టు కింద కూర్చుని వింటే తేడా పట్టుకోవచ్చు. ఎవరు ఎక్కడ ఎలా వింటారన్నది వాళ్లే చూసుకోవాలి.

బ్లూటూత్‌లో ముందుగా సరిచేయాల్సింది కోడెక్ కాదు, ఫోన్ వాల్యూమ్. కొన్ని కార్లలో ఫోన్ వాల్యూమ్, కారు వాల్యూమ్ రెండూ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి, కొన్నింట్లో విడివిడిగా ఉంటాయి. విడిగా ఉంటే ఫోన్‌ది పూర్తిగా పెంచి ఉంచండి. ఇక్కడ ఆక్స్‌లోలా గరగర భయం లేదు. రెండోది, ఫోన్‌లో డాల్బీ అట్మాస్ లాంటిది, ఈక్వలైజర్ లాంటిది ఆన్‌లో ఉందేమో చూడండి. ఫోన్ ఒకసారి బేస్ పెంచి, కారు ఇంకోసారి పెంచితే పాట మట్టి కొట్టుకుపోతుంది. రెండింట్లో ఒక చోటే ఉంచండి, అది కారులో ఉండటం మేలు. మూడోది, యాప్‌లో స్ట్రీమింగ్ నాణ్యత. చాలా యాప్‌లలో మొబైల్ డేటా మీద ఆటోమేటిక్ అని ఉంటుంది, అంటే సిగ్నల్ తగ్గగానే నాణ్యత కోసేస్తుంది. దాన్ని ఎక్కువకు మార్చండి. 320లో గంటకు సుమారు 144 ఎంబీ ఖర్చవుతుంది, ఇప్పటి డేటా ప్యాకుల్లో అదో లెక్క కాదు. ఇంట్లో వైఫై మీద దించుకుని బయల్దేరితే ఇంకా నయం.

ఆక్స్ ఉండి బ్లూటూత్ లేని కారైతే ఆక్స్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ రిసీవర్లు దొరుకుతాయి. కొనేటప్పుడు బ్యాటరీతో నడిచేది తీసుకోండి. కారు యూఎస్‌బీ నుంచి కరెంటు తాగుతూ ఆక్స్‌లోకి పాట పంపే రకమైతే పైన చెప్పిన కూత మళ్లీ మొదలవుతుంది.

ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్: గతి లేనప్పుడే

సిగరెట్ లైటర్‌లో పెట్టే ఈ పరికరాలు బాగా అమ్ముడుపోతాయి, ఎందుకంటే ఏ కారుకైనా పని చేస్తాయి. కానీ ధ్వని సంగతికొస్తే అన్నింటికంటే కింద ఉండేది ఇదే. ఎఫ్ఎం పద్ధతిలోనే పైశబ్దాలు 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతాయి, ట్రాన్స్‌మిటర్ చవకదైతే అంతకన్నా ముందే. పైగా మీ బుల్లి ట్రాన్స్‌మిటర్ అసలు స్టేషన్లతో పోటీ పడాలి. హైదరాబాద్‌లో 91.1, 93.5, 98.3, 101.9 అందరికీ తెలిసినవే. 90.4 ఖాళీగా ఉంటుందని పెట్టుకుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారి బోల్ హైదరాబాద్ అడ్డొస్తుంది, ముంబై హైవే మీద జహీరాబాద్ వైపు వెళ్తే మాచనూర్ సంగం రేడియో అదే అంకె మీద పలకరిస్తుంది. హైదరాబాద్‌లో ఖాళీగా దొరికిన చోటు విజయవాడ చేరేసరికి ఎవరిదో ఒకరిది అయి ఉండవచ్చు. దారి పొడవునా అంకెలు మార్చుకుంటూ నడపడం ప్రమాదం కూడా.

తప్పదనుకుంటే ఇరుపక్కలా స్టేషన్ లేని అంకె వెతికి పెట్టండి. పాట వేయకుండా ఆ అంకె మీద వింటే ఒట్టి బుస్సుమనే శబ్దమే రావాలి, లోపల ఎక్కడో మాటలు వినిపిస్తే అది వద్దు. ట్రాన్స్‌మిటర్‌కు పంపే సౌండ్ మరీ పెంచకండి, స్, ష్ అక్షరాలు చెవిలో గుచ్చుకోవడం మొదలైతే ఎక్కువైందని గుర్తు. ఇది నగరంలో పది నిమిషాల ప్రయాణాలకు, వార్తలకు, ప్రవచనాలకు సరిపోతుంది. పాట వినడానికి డబ్బు పెట్టేవాళ్లకు నేనైతే చెప్పను.

క్యాసెట్ స్టీరియో ఉన్న పాత మారుతీ 800లు, అంబాసిడర్లు ఇప్పటికీ ప్రేమగా ఉంచుకున్నవాళ్లున్నారు. వాళ్లకు క్యాసెట్ ఆకారంలో ఉండి తీగ బయటకు వచ్చే అడాప్టర్ ఉంది. టేప్ బదులు దానిలో చిన్న అయస్కాంతపు తల ఉంటుంది, అది స్టీరియో తలకు పాట అందిస్తుంది. స్టీరియో తల శుభ్రంగా ఉంటే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కంటే ఇదే బాగుంటుంది.

విడి ప్లేయర్ కొనాలా?

సోనీ వాక్‌మన్, ఫియో లాంటి విడి ప్లేయర్ ఇప్పటికే ఉంటే కారులో వాడుకోండి. కాల్స్, మెసేజ్ మోతలు, మ్యాప్స్ గొంతు పాట మధ్యలో దూరవు, ఫోన్ బ్యాటరీ మిగులుతుంది. కారు కోసమే కొత్తగా కొనాలా అంటే అక్కర్లేదు. విడి ప్లేయర్‌లోని మంచి డ్యాక్ ఉపయోగం ఆక్స్ దారిలోనే. దాన్ని బ్లూటూత్‌తో కలిపితే శబ్దంగా మార్చే పని కారులోదే అయిపోతుంది, అప్పుడు ఫోన్‌కీ దానికీ పెద్ద తేడా మిగలదు. యూఎస్‌బీలో స్టోరేజీగా తగిలిస్తే అది ఖరీదైన పెన్ డ్రైవ్.

ఎండల సంగతి కూడా చూసుకోవాలి. రెంటచింతల, రామగుండం వేసవిలో ఎండలో ఆపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటగలదు. లిథియం బ్యాటరీ ఉన్న ప్లేయర్‌ను, పవర్ బ్యాంకును, బ్యాటరీ రిసీవర్‌ను డ్యాష్‌బోర్డ్ మీద వదిలేయడం మంచిది కాదు. బ్యాటరీ లేని పెన్ డ్రైవ్‌కు ఆ బాధ చాలా తక్కువ. నేను దాని వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

మరి మీకేది?

ఆండ్రాయిడ్ ఆటో లేదా కార్‌ప్లే ఉంటే కేబుల్, బద్ధకం వేసిన రోజున వైర్‌లెస్. మామూలు యూఎస్‌బీ స్టీరియో ఉంటే ఇంట్లో వినే పాటలకు పెన్ డ్రైవ్, కొత్త పాటలకు బ్లూటూత్. ఆక్స్ మాత్రమే ఉండి ఫోన్ మంచిదైతే డాంగిల్‌తో ఆక్స్, ఛార్జింగ్ లేకుండా. మంచి విడి ప్లేయర్ ఉంటే లైన్ అవుట్ నుంచి ఆక్స్. ఏ సాకెట్టూ లేని కారుకు ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొనే బదులు ఇంకొంత కలిపి యూఎస్‌బీ, బ్లూటూత్ ఉన్న సింగిల్ డిన్ (పాత కార్లలో ఉండే సన్నటి అడ్డ సైజు) స్టీరియో వేయించుకోండి. ఆ సైజు దశాబ్దాలుగా మారలేదు కాబట్టి చాలా పాత కార్లలో చోటు సరిపోతుంది. వైరింగ్ కోయకుండా కప్లర్‌తో (ప్లగ్‌లా తగిలించే జోడింపు) బిగించమని గట్టిగా చెప్పండి.

ఇవన్నీ అయ్యాక స్పీకర్ల దగ్గరికి రండి. అంతకంటే ముందు ఖర్చు లేని పని ఒకటుంది. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నాకు తెచ్చి, లౌడ్‌నెస్ ఆపి, ఫేడర్‌ను (ముందు, వెనక స్పీకర్ల మధ్య సౌండ్ పంచేది) కొంచెం ముందుకు జరపండి. పాట మీ ఎదురుగా కూర్చుంటుంది. బేస్ తక్కువనిపిస్తే బేస్ పెంచే ముందు మధ్య శబ్దాలను, ట్రెబుల్‌ను ఒక మెట్టు తగ్గించి సౌండ్ పెంచి చూడండి, దాదాపు అదే పని జరుగుతుంది. అప్పటికీ తృప్తి లేకపోతే ముందు డోర్లలో స్పీకర్లు మార్చి, డోర్ రేకు అదరకుండా లోపల డ్యాంపింగ్ షీట్ వేయించండి. వెనక స్పీకర్లు, సబ్‌వూఫర్, "4 ఇంటూ 50 వాట్లు" అని పెట్టె మీద రాసిన అంకెలు తర్వాతి సంగతి. ఆ 50 క్షణకాలపు గరిష్ఠం మాత్రమే, నిలకడగా వచ్చేది అందులో సగం కూడా ఉండదు.

షాపుకు వెళ్లేటప్పుడు మీ కేబుల్, మీ ఫోన్, మీకు బాగా తెలిసిన మూడు పాటలు తీసుకెళ్లండి. ఒకటి పాత మోనో పాట, ఒకటి గొంతు, వీణ లాంటివి మాత్రమే ఉన్నది, ఒకటి డప్పు గట్టిగా ఉన్న కొత్తది. షాపువాళ్ల డెమో పాట ఏ స్పీకర్ మీద పెట్టినా బాగుంటుంది, అందుకోసమే ఎంచుకుంటారు. మీ పాటలు మీరు రోజూ వినే సౌండ్‌లో, ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ వేసి వినిపించమనండి.